అలాస్కా కొన్న మంత్రి... ఆబర్న్ ఇల్లరికపు అల్లుడు

అమెరికా పటంలో పైన, ఎడమ మూలకి విడిగా కనిపించే పెద్ద మంచు రాష్ట్రం అలాస్కా. 1867లో దాన్ని రష్యా నుంచి ఎకరం రెండు సెంట్ల చొప్పున కొనిపెట్టిన మంత్రి విలియం హెన్రీ సీవార్డ్. అబ్రహాం లింకన్‌కి కుడిభుజం లాంటివాడు. చాలా పుస్తకాలు ఆయన గురించి ఇంతవరకే చెబుతాయి. కానీ బానిసత్వం మీద ఆయన చేసిన పోరాటం సంగతి తెలియాలంటే ఆయన ఇంట్లోకి వెళ్లాలి. ఆ ఇల్లు ఆయనది కాదు. మామగారిది, ఆ తర్వాత భార్యది!

తండ్రితో తగువు

సీవార్డ్ 1801 మే 16న పుట్టాడు. ఊరి పేరు ఫ్లోరిడా. దక్షిణాన ఉన్న ఫ్లోరిడా రాష్ట్రం కాదిది, న్యూయార్క్ రాష్ట్రంలోని చిన్న పల్లె. తండ్రి శామ్యూల్ డాక్టరు, వ్యాపారి కూడా. ఊళ్లో బాగా కలిగిన కుటుంబం. ఇంట్లో బానిసలు ఉండేవారు. ఉత్తరాది రాష్ట్రాల్లో బానిసలు లేరనుకుంటాం గానీ న్యూయార్క్‌లో ఆ ఆచారం పూర్తిగా పోయింది 1827లోనే.

పిల్లాడికి హాల్లో పెద్దల కబుర్ల కన్నా వంటింట్లో ఆ నల్లవాళ్లు చెప్పే కథలే ఇష్టం. అక్కడే కూర్చునేవాడు. పొరుగింట్లో తన ఈడు బానిస కుర్రాడు ఒకడుండేవాడు. ఇద్దరూ కలిసి ఆడుకునేవారు. ఓ రోజు ఆ కుర్రాణ్ణి యజమాని చావబాదాడు. వాడు పారిపోయాడు, దొరికిపోయాడు. మెడకి ఇనప పట్టీ వేసి తీసుకొచ్చారు. ఆ దృశ్యం సీవార్డ్‌కి ముసలితనంలో కూడా గుర్తుంది.

పదిహేనేళ్లకే యూనియన్ కాలేజీలో చేరాడు. అక్కడ పల్లెటూరి బట్టలు చూసి తోటివాళ్లు నవ్వారు. దాంతో అప్పు మీద మంచి బట్టలు కుట్టించుకున్నాడు. ఆ దర్జీ బాకీ కట్టనని తండ్రి మొండికేశాడు. కొడుక్కీ రోషం వచ్చింది. చెప్పాపెట్టకుండా దక్షిణాన జార్జియాకి పోయి బడిపంతులు ఉద్యోగం చూసుకున్నాడు! కొద్ది నెలలకే ఇంటికి తిరిగొచ్చి, 1820లో చదువు పూర్తి చేశాడనుకోండి.

జడ్జిగారి షరతు

లాయరయ్యాక 1823లో ఆబర్న్ అనే ఊరు చేరాడు. అక్కడ ఎలైజా మిల్లర్ అనే జడ్జిగారి దగ్గర ప్రాక్టీసు. ఆయనకి భార్య పోయింది. కూతుళ్లు ఇద్దరు, లాజెట్, ఫ్రాన్సెస్. ఫ్రాన్సెస్ చిన్నది, 1805లో పుట్టింది. ఆడపిల్లలకి కుట్లు అల్లికలు చాలనుకునే రోజుల్లో ఎమ్మా విల్లార్డ్ అనే పంతులమ్మ ట్రాయ్ పట్నంలో పెద్ద బడి పెట్టి వాళ్లకి గణితం, సైన్సు నేర్పింది. ఫ్రాన్సెస్ అక్కడ చదివింది. సీవార్డ్ చెల్లెలు కూడా ఆ బళ్లోనే చదివింది. అలా పరిచయమైంది.

పిల్లనివ్వడానికి జడ్జిగారు ఒప్పుకున్నారు. కానీ ఒక్క షరతు. తను బతికున్నంతకాలం కూతురు తన ఇంట్లోనే ఉండాలి. అంటే ఇల్లరికం! సీవార్డ్ సరేనన్నాడు. 1824 అక్టోబరు 20న పెళ్లయింది. ఆ ఇంట్లో మామగారితో పాటు ఫ్రాన్సెస్ నాన్నమ్మ, పెళ్లికాని మేనత్త కూడా ఉండేవారు. ఇంతమంది పెద్దవాళ్ల మధ్య కొత్త కాపురం.

ఇల్లరికపు అల్లుడు ఇంటిపట్టున ఉన్నదెప్పుడు? కోర్టులు, ఊళ్లు, సభలు. 1830లో రాష్ట్ర సెనేట్‌కి ఎన్నికయ్యాక ఆల్బనీలో మకాం. ఫ్రాన్సెస్ కి సంతానం ఐదుగురు. అగస్టస్, ఫ్రెడరిక్, కార్నీలియా, విలియం, ఫానీ. కార్నీలియా నెలల పిల్లగా ఉండగానే 1837లో మశూచితో పోయింది. అప్పుడు సీవార్డ్ ఉద్యోగం ఆబర్న్‌కి చాలా దూరంలో. తలనొప్పులు, నరాల నీరసం ఫ్రాన్సెస్‌ని జీవితమంతా పీడించాయి. డాక్టర్లకి అంతుపట్టలేదు. మనసులో మాట చెప్పుకోడానికి ఆమెకున్న దిక్కు అక్క లాజెట్, ఉత్తరాలు.

1834లో సీవార్డ్ గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయాడు. ఇంటికొచ్చి చూసుకుంటే తను పోగొట్టుకుంటున్నది పదవొక్కటే కాదని అర్థమైంది. ఇకనుంచి ఇల్లే ముఖ్యమని భార్యకి మాటిచ్చాడు. ఆమె ఆరోగ్యం కుదుటపడుతుందని 1835 వేసవిలో గుర్రబ్బండి కట్టించి, ఐదేళ్ల ఫ్రెడరిక్‌ని కూడా ఎక్కించుకుని దక్షిణాదికి బయల్దేరారు.

వర్జీనియా దారిలో...

గాలి మార్పు కోసం వెళ్లిన ప్రయాణం ఇద్దరి జీవితాల్నీ మార్చేసింది.

ఓ చోట ఒక ముసలమ్మ యంత్రం చక్రం తిప్పుతోంది. చూపు లేదు. ఫ్రాన్సెస్ బండి దిగి పలకరించింది. మొగుడూ పిల్లలూ ఏరని అడిగింది. అందర్నీ ఎప్పుడో అమ్మేశారు. ఎక్కడున్నారో, అసలున్నారో లేదో ఆమెకి తెలియదు.

మరో సాయంత్రం ఒక సత్రం దగ్గర దిగారు. దుమ్ము రేపుకుంటూ ఏదో గుంపు వస్తోంది. పశువులేమో అనుకున్నారు. దగ్గరికొస్తే, పదిమంది నల్లపిల్లలు. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు. ఒంటిమీద బట్టల్లేవు. ఇద్దరిద్దరికి మణికట్లు కలిపి, అందర్నీ ఒకే తాడుకి కట్టారు. వెనక కొరడాతో ఒక మనిషి. వాళ్లని గుర్రాల తొట్టి దగ్గరికి తోలి నీళ్లు తాగించి, కొట్టంలోకి నెట్టాడు. వేర్వేరు చోట్ల కొన్న పిల్లలు వాళ్లు. అమ్మకానికి తీసుకెళ్తున్నాడు. రాత్రి వాళ్లు ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయారు.

ఫ్రాన్సెస్ పక్కన తన ఐదేళ్ల కొడుకున్నాడు. ఏ తల్లికైనా ఎలా ఉంటుంది? ఇక ఈ దేశం చూడలేనని భర్తకి చెప్పేసింది. ప్రయాణం కుదించుకుని వెనక్కి తిరిగారు. అప్పటిదాకా బానిసత్వం సీవార్డ్‌కి ఒక రాజకీయ సమస్య. ఆమెకి ఆ రోజు నుంచి అది రాజీకి తావులేని విషయం. ఆయన్ని కూడా రాజీ పడనివ్వకూడదని గట్టిగా అనుకుంది.

ఊరంతా తిట్టిన కేసు

1838 ఎన్నికల్లో సీవార్డ్ గవర్నరుగా గెలిచాడు. నాలుగేళ్లున్నాడు. పారిపోయి వచ్చిన బానిసని పట్టి అప్పగించేముందు జ్యూరీ విచారణ జరగాలని చట్టం వచ్చింది. ఐర్లండు నుంచి వలసొచ్చిన పేదల పిల్లలకి వాళ్ల మతానికి, భాషకి చెందిన పంతుళ్లు ఉండాలన్నందుకు సొంత పార్టీలోనే ఆయనకి శత్రువులు పుట్టుకొచ్చారు.

పదవి దిగి లాయరు పనిలో పడ్డాక 1846లో అసలు పరీక్ష వచ్చింది. ఆబర్న్ దగ్గర ఓ రైతు ఇంట్లో నలుగురు హత్యకి గురయ్యారు. అందులో గర్భిణి ఉంది, రెండేళ్ల పసివాడున్నాడు. చంపినవాడు విలియం ఫ్రీమన్ అనే నల్ల యువకుడు. జనం అతన్ని అక్కడికక్కడే చంపేయబోయారు. అతని పక్షాన ఏ లాయరూ నిలబడకూడదని ఊరు హుంకరించింది.

సీవార్డ్ ఆరా తీశాడు. ఫ్రీమన్ పదహారేళ్లప్పుడు చేయని గుర్రం దొంగతనానికి ఐదేళ్లు జైల్లో ఉన్నాడు. అక్కడ తలమీద కొట్టిన దెబ్బలకి చెవులు పోయాయి, మతి చెడింది. తన విచారణ జరుగుతోందని కూడా అతనికి తెలియదు. సీవార్డ్ పైసా తీసుకోకుండా కేసు పట్టాడు. స్నేహితులు వద్దన్నారు. రాజకీయంగా నీ పని అయిపోయినట్టే అన్నారు. వీధిలో జనం దూషించారు. ఫ్రాన్సెస్ మాత్రం భర్త చేస్తున్నది న్యాయమని నమ్మింది. ఆ కష్టకాలంలో ఇంట్లో ఆ ఒక్క అండా ఉంది.

కోర్టు ఉరిశిక్ష వేసింది. సీవార్డ్ పై కోర్టుకెళ్లి దాన్ని కొట్టేయించాడు. రెండో విచారణ జరగకముందే 1847లో ఫ్రీమన్ జైల్లోనే చనిపోయాడు. శవపరీక్షలో మెదడు చెడిపోయి ఉందని తేలింది. అప్పుడుగానీ ఊరికి నోరు మూతపడలేదు.

వంటింటి వెనక వచ్చేవాళ్లు

1849లో సీవార్డ్ అమెరికా సెనేట్‌కి వెళ్లాడు. మరుసటి ఏడాది మార్చిలో, రాజ్యాంగం కంటే పైన ఇంకో ధర్మం ఉంది, దాని ముందు బానిసత్వం నిలవదని ప్రసంగించాడు. దేశం అదిరిపడింది. ఫ్రాన్సెస్ పొంగిపోయింది. కానీ ఆమె వాషింగ్టన్‌లో ఎక్కువగా ఉండేది కాదు. విందులు, పలకరింపులు ఆమె ఒంటికి పడవు, మనసుకీ పడవు.

మరి ఆబర్న్‌లో ఏం చేసేది? 1850లో కొత్త చట్టం వచ్చింది. పారిపోయిన బానిసకి ఆశ్రయమిస్తే వెయ్యి డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు. ఆ చట్టం చేసిన సభలో సభ్యుడి ఇంట్లోనే, ఆయన భార్య పారిపోయి వచ్చినవాళ్లకి అన్నం పెట్టి, రాత్రికి పడుకోబెట్టి, కెనడా దారి పట్టించేది! 

ఆమెకి ఆబర్న్‌లో మంచి స్నేహితురాలు మార్తా రైట్. దగ్గర్లోని సెనెకా ఫాల్స్‌లో 1848లో ఆడవాళ్ల హక్కుల కోసం మొదటి మహాసభ జరిపిన ఐదుగురిలో ఆమె ఒకరు. ఫ్రాన్సెస్ వేదికలెక్కలేదు. తన పేరు పత్రికల్లో పడితే భర్త రాజకీయానికి చేటని ఆమెకి తెలుసు. కానీ ఆ ఏడాదే న్యూయార్క్ రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తి హక్కు ఇస్తూ చట్టం వచ్చింది. 1851లో జడ్జిగారు పోయినప్పుడు ఆయన ఆస్తి కూతుళ్లకి చేరింది. అల్లుడికి కాదు!

ఆ ఆస్తితో ఏం చేసిందో చూడండి. హారియట్ టబ్‌మన్ పేరు వినే ఉంటారు. తను బానిసత్వం నుంచి తప్పించుకుని, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి డెబ్బై మంది దాకా విడిపించి తెచ్చిన ధీరురాలు. ఆమెని పట్టిచ్చేవాళ్ల కోసం చట్టం కాచుకునుంది. అలాంటి మనిషికి 1859లో సీవార్డ్‌లు ఆబర్న్ శివార్లలో ఏడెకరాలు, ఇల్లు అమ్మారు. ధర 1200 డాలర్లు. వీలున్నప్పుడు కట్టుకోవచ్చు. అది ఫ్రాన్సెస్‌కి పుట్టింటి నుంచి వచ్చిన భూమి. కెనడా చలికి తాళలేకపోతున్న తన ముసలి తల్లిదండ్రుల్ని హారియట్ ఆ ఇంటికి తెచ్చుకుంది. అధ్యక్ష పదవికి భర్త పోటీపడబోతున్న తరుణంలో ఇంతటి సాహసం మామూలు విషయమా?

భార్య రాసిన ఉత్తరం

1860 మేలో చికాగోలో రిపబ్లికన్ పార్టీ సభ. సీవార్డే అభ్యర్థి అని అందరూ అనుకున్నారు. ఆబర్న్‌లో కబురు రాగానే పేల్చడానికి ఫిరంగి కూడా సిద్ధం చేసుకున్నారు. మొదటి లెక్కింపులో ఆయనే ముందున్నాడు. మూడోసారికి లింకన్ గెలిచాడు. ఫిరంగి పేలలేదు. బానిసత్వం మీద మరీ తీవ్రంగా మాట్లాడాడన్న పేరే సీవార్డ్‌ని దెబ్బతీసింది. అయినా అలిగి కూర్చోకుండా లింకన్ కోసం ఊరూరా తిరిగి ప్రచారం చేశాడు. లింకన్ ఆయన్ని విదేశాంగ మంత్రిని చేశాడు.

ఈలోగా దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. యుద్ధం తప్పించాలని 1861 జనవరిలో సీవార్డ్ సెనేట్‌లో మెత్తబడి మాట్లాడాడు. దక్షిణాదికి కొన్ని హామీలు ఇద్దామన్నాడు. చాలామంది మెచ్చుకున్నారు. ఇంటి నుంచి మాత్రం నిప్పులాంటి ఉత్తరం వచ్చింది. దేశం కలిసుండటం కోసం 40 లక్షల మంది మనుషుల స్వేచ్ఛని పణం పెట్టడం ఎలా న్యాయమవుతుందని భార్య నిలదీసింది. ఆ దారిలో నడిచినవాళ్ల గతి ఏమైందో గుర్తుచేసింది.

ఎవరిది ఒప్పు? ఆయన చేతిలో దేశం ఉంది. సరిహద్దు రాష్ట్రాలు చేజారకుండా కాలం గడపాలి. ఆమె కళ్లముందు తాడుకి కట్టిన పదిమంది పిల్లలున్నారు. ఇద్దరూ తమ తమ చోట నుంచే మాట్లాడారు. 1862లో బానిసల విముక్తి ప్రకటన సిద్ధమైనప్పుడు కూడా అంతే. యుద్ధంలో ఒక విజయం వచ్చేదాకా ఆగమని సీవార్డ్ లింకన్‌కి సలహా ఇచ్చాడు. లింకన్ విన్నాడు. ఆలస్యమెందుకని ఫ్రాన్సెస్ మండిపడింది. ఇన్ని వాదనలున్నా ఉత్తరాలు ఆగేవి కావు. ఆమె మాట కటువైనా ఆయన చివరిదాకా చదివేవాడు.

వాషింగ్టన్ ఇంట్లో గృహిణి బాధ్యతలు చూసుకున్నది ఫ్రెడరిక్ భార్య ఆనా. ఫ్రెడరిక్ తండ్రి శాఖలోనే సహాయ మంత్రి. చిన్నకొడుకు విలియం యుద్ధంలో గాయపడ్డాడు. కూతురు ఫానీ అమ్మకీ నాన్నకీ మధ్య తిరుగుతుండేది. ఆ అమ్మాయికి రచయిత్రి కావాలని కోరిక. పద్నాలుగో ఏట నుంచే డైరీ రాసేది.

ఆ రాత్రి

1865 ఏప్రిల్ 5న బండి గుర్రాలు బెదిరి సీవార్డ్ కిందపడ్డాడు. చెయ్యి విరిగింది, దవడ విరిగింది. కబురందగానే ఫ్రాన్సెస్ ఆబర్న్ నుంచి పరుగున వచ్చింది. యుద్ధం గెలుపు కబుర్లు చెప్పడానికి లింకన్ వచ్చి, ఆ మంచం మీదే అడ్డంగా పడుకుని మాట్లాడి వెళ్లాడు. అదే ఆఖరి చూపు.

ఏప్రిల్ 14 రాత్రి. లింకన్‌ని నాటకశాలలో కాల్చిన సమయానికే ఒక ఆజానుబాహుడు మందు తెచ్చానంటూ సీవార్డ్ ఇంట్లో జొరబడ్డాడు. పేరు లూయిస్ పావెల్. మెట్లపైన ఫ్రెడరిక్ అడ్డుకున్నాడు. నాన్న మేలుకున్నాడని చెప్పడానికి ఫానీ తలుపు కాస్త తెరిచింది. ఏ గదో హంతకుడికి తెలిసిపోయింది. పిస్తోలు పేలకపోయేసరికి దాంతోనే ఫ్రెడరిక్ తల పగలగొట్టి, గదిలోకి దూకి, మంచంమీద ఉన్న మనిషి ముఖంమీద కత్తితో పొడిచాడు. ఫానీ కేకలు వేసింది. కాపలా ఉన్న సైనికుడు రాబిన్సన్, పెద్దకొడుకు అగస్టస్ కలబడ్డారు. పోతూ పోతూ మరో ఉద్యోగినీ పొడిచాడు. ఆ రాత్రి ఇంట్లో ఐదుగురు మగవాళ్లు రక్తంలో పడున్నారు.

ఆశ్చర్యం, అందరూ బతికారు. బతకనిది ఫ్రాన్సెస్. భర్త ఒక గదిలో, కొడుకు ఇంకో గదిలో చావుబతుకుల్లో ఉంటే రెండు నెలలు ఆ మంచాల మధ్యే తిరిగింది. అసలే బలహీనమైన మనిషి. 1865 జూన్ 21న వాషింగ్టన్‌లోనే కన్నుమూసింది. మరుసటి ఏడాది అక్టోబరులో ఫానీ కూడా క్షయతో వెళ్లిపోయింది. అప్పటికి 21 ఏళ్లు. ఆమె రాసిన పుస్తకం ఏదీ రాలేదు. ఆ డైరీ మాత్రం మిగిలింది. ఆ రాత్రి ఏం జరిగిందో ఇవాళ మనకి ఇంత వివరంగా తెలుస్తోందంటే ఆ అమ్మాయి చలవే.

ఆమె చూడని సంతకం

1865 డిసెంబరు 18. అమెరికా అంతటా బానిసత్వం రద్దయిందని, పదమూడో రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చిందని అధికారికంగా ప్రకటించిన పత్రం మీద సంతకం చేయాల్సింది విదేశాంగ మంత్రి. ముఖంమీద కత్తి గాటుతో, సీవార్డే ఆ సంతకం చేశాడు. ముప్పై ఏళ్ల కిందట వర్జీనియా సత్రంలో భార్య కోరుకున్నది అదే. ఆర్నెల్ల తేడాలో ఆమె చూడలేకపోయింది.

ఆ తర్వాత అధ్యక్షుడు జాన్సన్ దక్షిణాది దొరల పట్ల మెతకగా ఉంటే, విముక్తులైన నల్లవాళ్లకి అన్యాయం జరుగుతుంటే, సీవార్డ్ ఆయన పక్కనే నిలబడ్డాడు. పాత మిత్రులు చాలామంది దూరమయ్యారు. నిలదీసే ఉత్తరం రాయడానికి ఆబర్న్ ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.

1867 మార్చి 29 రాత్రి రష్యా రాయబారి ఇంటికొచ్చి, అలాస్కా బేరానికి తమ చక్రవర్తి ఒప్పుకున్నాడని చెప్పాడు. సీవార్డ్ తెల్లారేదాకా ఆగలేదు. గుమాస్తాల్ని లేపించి, ఆఫీసు తెరిపించి, తెల్లవారుజామున నాలుగింటికి ఒప్పందం మీద సంతకాలు చేయించాడు. 15 లక్షల చదరపు కిలోమీటర్ల నేల, 72 లక్షల డాలర్లు. మంచుగడ్డలు కొన్నాడని పత్రికలు ఎగతాళి చేశాయి. తర్వాత అక్కడ బంగారం దొరికింది. 1968లో చమురు పడింది. నవ్వినవాళ్లెవరో ఇప్పుడెవరికీ గుర్తులేదు. అయితే ఆ నేలమీద తరతరాలుగా ఉన్న ఆదివాసులని మాత్రం అటు అమ్మినవాళ్లూ అడగలేదు, ఇటు కొన్నవాళ్లూ అడగలేదు.

పదవి దిగాక ఆయన ఇంట్లో ఒంటరిగా ఉండలేకపోయాడు. 1870లో ప్రపంచయాత్రకి బయల్దేరాడు. చేతులు దాదాపు పనిచేయడం లేదు. ఆలివ్ రిస్లీ అనే స్నేహితుడి కూతురు తోడుగా వెళ్లింది. లోకం నానా మాటలూ అంటే ఆ అమ్మాయిని దత్తత తీసుకుని నోళ్లు మూయించాడు. 1871లో మన దేశానికీ వచ్చారు. కలకత్తా, కాశీ, ఆగ్రా, ఢిల్లీ చూశారు. ఆయన చెబుతుంటే ఆలివ్ రాసిన ఆ యాత్రా గ్రంథం ఆయన పోయాక 1873లో అచ్చయింది.

1872 అక్టోబరు 10న, మామగారి షరతుకి తలూపి అడుగుపెట్టిన ఆ ఆబర్న్ ఇంట్లోనే సీవార్డ్ చనిపోయాడు. చివరగా ఏమైనా చెబుతారా అని కోడలు అడిగితే, ఒకరినొకరు ప్రేమగా చూసుకోమన్నాడు. ఇంకేమీ లేదు.

ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఊళ్లోని ఫోర్ట్ హిల్ శ్మశానంలో ఆయన, ఫ్రాన్సెస్, ఫానీ పక్కపక్కన ఉన్నారు. 1913లో కన్నుమూసిన హారియట్ టబ్‌మన్ సమాధి కూడా అక్కడే. ఆమెకి నిలువనీడ ఇచ్చిన ఇల్లాలికి ఆమె చివరిదాకా పొరుగునే ఉందన్నమాట.